అడుగున ఉన్న కండరాలు

అత్తయ్యను మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చడం మా ఇంట్లో పొద్దున్నే మొదటి పని. దానికో పద్ధతి ఉంది. ముందు ఆవిడను పక్కకు తిప్పి కాళ్లు కిందికి దించాలి. నేను ఎదురుగా మోకాళ్లు వంచి నిలబడి, ఆవిడ చేతులు రెండూ నా భుజాల మీద వేయించుకుని, నడుము వంచకుండా తొడల బలంతో లేపాలి. నడుముతో లేపితే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లలు పక్కకు జారతాయి. ఇదంతా నేను నర్సింగ్ కాలేజీలో ఆడపిల్లలకు చెప్పే పాఠమే. అనాటమీ టీచర్ని. పిల్లలు నాకు పెట్టుకున్న పేరు ఎముకల మేడమ్. ఏ ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, దాన్ని ఏ కండరం పట్టుకుని ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. పాఠంలో నేను చెప్పనిది ఒకటుంది. అలా లేపేటప్పుడు, ఊపిరి బిగపట్టిన ఆ ఒక్క క్షణంలో, నా బట్టలు తడుస్తాయి.

కొంచెమే. పైకి కనబడేంత కాదు. కానీ తడి తడే. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక దిండు సర్ది, ఏమీ జరగనట్టు ముఖం పెట్టుకుని బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకుంటాను. లోపలి బట్టలు మార్చుకుని, విప్పినవి సబ్బుతో రుద్ది, మిగతావాళ్ల బట్టల్లో కలవకుండా బకెట్లో అడుగున పెడతాను. ఆ తర్వాత నన్ను నేను వాసన చూసుకుంటాను. ఎంత కడుక్కున్నా ఇంట్లో ఎక్కడో ఆ వాసన ఉన్నట్టే అనిపిస్తుంది. హాల్లోంచి మా ఆయన గొంతు వినిపిస్తుంది. "బాత్రూంలో అంతసేపు ఏం చేస్తావు? టిఫిన్ సంగతేంటి?" వస్తున్నా అంటాను. ఇంకేం అంటాను.

నా కష్టానికీ మా అమ్మాయికీ ఒకటే వయసు. అది పుట్టినప్పుడు తల బయటికి రాక, పట్టుకారు వేసి లాగారు. కుట్లు మానాయి కానీ తుమ్మినా దగ్గినా తడి ఆగలేదు. అప్పుడే అత్తయ్యకు చెప్పబోయాను. వంటింట్లో, ఆవిడ కూర తరుగుతుండగా, మాటలు వెతుక్కుంటూ మొదలుపెట్టాను. మన ఇళ్లలో దీనికి సరైన మాట కూడా ఉండదు కదా. "అత్తయ్యా, నాకు అది ఆగడం లేదు" అన్నాను. ఆవిడ కత్తిపీట మీద నుంచి తల ఎత్తలేదు. "ఆడపుట్టుక పుట్టాక ఇవన్నీ ఉంటాయి. నోరు మూసుకుని బట్ట మార్చుకో" అంది. కాన్పు చేసిన డాక్టరమ్మ తలుపు దగ్గరికి నడుస్తూనే "కొన్నాళ్లకు అదే సర్దుకుంటుంది" అంది. ఇద్దరూ ఇంచుమించు ఒకటే చెప్పారు కాబట్టి అదే నిజమనుకున్నాను.

నేను బాగా నవ్వేదాన్ని. పెళ్లికి ముందు మా ఇంట్లో నా నవ్వు వీధి చివరికి వినబడుతుందని వేళాకోళం చేసేవాళ్లు. ఒకసారి మా ఆయన స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్లాం. లేతరంగు సోఫా. ఆ స్నేహితుడు తన ఆఫీసులో జరిగిందేదో చెప్తుంటే అందరితో పాటు నేనూ పడీపడీ నవ్వాను, నవ్వు మధ్యలోనే ఒంట్లోంచి వెచ్చగా జారింది. ఆగమంటే ఆగలేదు. అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నా చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. దాన్ని ఒళ్లోకి ఒంపుకున్నాను. "అయ్యో, గ్లాసు జారింది" అన్నాను. ఆ ఇంటావిడ తువ్వాలు తెచ్చి ఇచ్చింది. దారిలో మా ఆయన చిరాకుపడ్డారు. "చేతిలో గ్లాసు కూడా పట్టుకోలేవా? పదిమందిలో పరువు తీస్తావు." చేతకానిదాన్ని అనిపించుకున్నందుకు నాకు లోపల ఎంత నిశ్చింతగా అనిపించిందో చెప్పలేను.

తర్వాతెప్పుడో ఆయనకు నిజం చెప్పాను. మొగుడికి కాక ఎవరికి చెప్పుకుంటాను అనుకున్నాను. ఆయన ముఖం ముడుచుకుపోయింది. "ఛ. డాక్టరుకు చూపించుకోలేకపోయావా" అన్నారు. వెంటనే మళ్లీ ఆయనే, "అయినా ఇదేం చెప్పుకునే విషయమా, ఊరుకో" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడైనా టీవీ చూస్తూ నేను నవ్వడం మొదలుపెడితే పక్కనుంచి మెల్లిగా ఒక మాట వినిపించేది. "చూసుకో." అంతే. తిట్టూ కాదు, కోపమూ కాదు. ఆ ఒక్క మాటకు నా నవ్వు గొంతులోనే ఆగిపోయేది. కొన్నాళ్లకు ఆయన అనాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ఆయన మా అమ్మాయి ముందు కూడా ఆ మాట అనేవారు. కారులో వెళ్తున్నప్పుడు అద్దం దించి ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకునేవారు. వెనక సీట్లో అత్తయ్య, మా అమ్మాయి. నేను ముందు సీట్లో మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ దారి ఎప్పుడు అయిపోతుందా అనుకునేదాన్ని.

కాలేజీలో ఒంటి మీద తెల్లకోటు తియ్యను. ప్రాక్టికల్స్ లేని రోజున కూడా తియ్యను. మోకాళ్ల దాకా వచ్చే కోటు. "మేడమ్‌గారికి వృత్తి అంటే అంత గౌరవం" అని మా విభాగం హెడ్ కొత్తవాళ్లకు నన్ను చూపించి చెప్తారు. ఆడ టీచర్ల టాయిలెట్ పక్క బిల్డింగులో ఉంది. దాని తాళంచెవి ఆఫీసు గదిలో గుమాస్తా దగ్గర ఉంటుంది. వెళ్లి అడగాలి. అతను సొరుగు తెరుస్తూ "మళ్లీనా మేడమ్" అంటాడు. ఒకసారి స్టాఫ్ మీటింగులో హెడ్ అందరి ముందూ అన్నారు, "మేడమ్ క్లాసు మధ్యలో బయటికి వెళ్తున్నారని పిల్లలు అనుకుంటున్నారు. షుగర్ ఏమైనా ఉందేమో చూపించుకోండి మేడమ్." ఎవరో కిసుక్కుమన్నారు. "లేదు సర్, ఫోన్ వచ్చింది" అన్నాను. ఆ రోజు నుంచి పొద్దున లేచింది మొదలు క్లాసులు అయ్యేదాకా మంచినీళ్లు తాగడం మానేశాను. నీళ్లు తాగకపోతే ఒంటికేమవుతుందో కూడా నేను చెప్పే పాఠంలోనే ఉంది.

ఏటా ఒక క్లాసు వస్తుంది. దాన్ని నేను ఎప్పుడూ పరిగెత్తించేస్తాను. ఈసారి కూడా అలాగే మొదలుపెట్టాను. పెట్టెలోంచి కటి ఎముకలు తీసి ముందు బెంచీలో పిల్ల చేతిలో పెట్టాను. ఇది ఆడమనిషిదా మగమనిషిదా ఎలా చెప్తారు అని అడిగాను. ముందువైపు ఎముకలు కలిసే చోట కోణం వెడల్పుగా ఉంది కాబట్టి ఆడమనిషిది అని అందరూ ఒకేసారి చెప్పారు. తుంటి గుంట చూపించాను. అందులో తొడ ఎముక తల బంతిలా ఎలా తిరుగుతుందో తిప్పి చూపించాను. ఆ కీలు గురించి చెప్పేటప్పుడు నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది. ఒళ్లంతటి బరువు మోస్తూ, అన్ని వైపులా తిరుగుతూ, ఊడిపోకుండా ఉండే కీలు అది. పిల్లలు ఎముకను చేతులు మార్చుకుంటూ తమ తుంటి మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంటున్నారు.

రెండో వరసలో ఒక పిల్ల ఉంది. కళ్లజోడు, ఎప్పుడూ ఏదో అడుగుతుంది. లేచి నిలబడింది. "మేడమ్, ఇది గిన్నెలా ఉంది కానీ అడుగు లేదు కదా. లోపల ఉన్నవి కిందికి జారిపోకుండా ఏది ఆపుతుంది?"

"కండరాలు ఆపుతాయి" అన్నాను. "ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా ఊయల గుడ్డలా కట్టి ఉంటాయి."

"అవి వదులైపోతే ఏమవుతుంది మేడమ్?"

క్లాసంతా నా వైపు చూసింది. జవాబు నాకు తెలుసు. ఏ కండరం, ఏ నరం, కాన్పులో ఎక్కడ చిరుగుతుంది, ఏ వ్యాయామంతో మళ్లీ బిగుస్తుంది, అన్నీ తెలుసు. అవి వదులైతే ఏమవుతుందో ఆ పొద్దున్నే నా ఒంటికి తెలిసింది. "అది పరీక్షకు రాదు. మోకాలికి వెళ్దాం" అన్నాను.

పిల్ల కూర్చుంది. గంట కొట్టాక అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, "మేడమ్, కాన్పయినప్పటి నుంచి మా అక్క ఇంట్లోంచి బయటికి రావడం లేదు. ఇంట్లో అందరూ బద్ధకం అంటున్నారు. నాకు మాత్రం చెప్పింది. మీరేమైనా..." అంది. నేను ఎముకలన్నీ గబగబా పెట్టెలో సర్దేస్తున్నాను. "డాక్టరుకు చూపించుకోమను" అన్నాను. పెట్టె మూత వేసి, ఆ పిల్ల కళ్లలోకి చూడకుండా బయటికి నడిచాను. మెట్ల మధ్యలో ఆగిపోయాను. కళ్లు తిరిగి కాదు, సిగ్గుతో. నా బట్టలు తడిసిన రోజుల్లో కూడా అంత సిగ్గు పడలేదు. నా నోట్లోంచి ఎవరి మాట వచ్చిందో నాకు తెలుసు. నేను ఆ పిల్లకు ఏం చేశానో కూడా తెలుసు. అయినా వెనక్కి తిరిగి పైకి ఎక్కలేకపోయాను.

అత్తయ్య పడిన సంగతి చెప్పాలి. అంతకు కొన్ని నెలల ముందు, నేను కాలేజీలో ఉండగా ఫోన్ వచ్చింది. బాత్రూం ముందు నడవలో జారి పడింది. తొడ ఎముక సరిగ్గా మెడ దగ్గర, తుంటి కీలులోకి వెళ్లే ముందు విరిగింది. ఆపరేషన్ చేసి ఆ బంతి తీసి స్టీలు బంతి వేశారు. నేను ఆస్పత్రికి పరిగెత్తేసరికి మా ఆయన డాక్టరు పక్కనే ఉన్నారు. "బాత్రూం కడిగి నేల తడిగా వదిలేసి వెళ్లావు. ఒక్క పొడిగుడ్డ వెయ్యడానికి నీకు తీరిక లేకపోయింది" అన్నారు. డాక్టరు పక్కకు చూశాడు. నేను కడిగిన మాట నిజమే. తుడిచినట్టు గుర్తే. కానీ అందరూ తుడవలేదంటుంటే నా గుర్తు మీద నాకే నమ్మకం పోయింది. బయల్దేరే హడావుడిలో మరిచిపోయానేమో అనుకున్నాను. అత్తయ్య మంచం మీద కళ్లు మూసుకుని ఉంది. ఏమీ అనలేదు.

స్టీలు బంతి కుదురుకుంది. కీలు తిరుగుతోంది. వ్యాయామం చేయించడానికి ఇంటికి వచ్చినతను అన్నీ చూసి, "అంతా బాగుందండీ, ఇక నడవాల్సిందే. ఆవిడ భయపడుతున్నారు, అంతే" అన్నాడు. నడవడానికి స్టాండు కొన్నాం. అత్తయ్య దాన్ని ముట్టుకోలేదు. నిలబెట్టబోతే "వద్దు, వదిలెయ్" అని మంచం పట్టుకునేది. చివరికి అతను రావడం మానేశాడు. అందరూ ఆవిడ మొండిది అని తేల్చేశారు. లేపడం, దింపడం, తుడవడం నా పని అయింది. నా వల్లే పడింది కాబట్టి అది న్యాయమే అని నేనూ ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం మా ఆడపడుచు వచ్చింది. తల్లి పక్కన కూర్చుని చెయ్యి నిమురుతూ ఉంది. నేను కాఫీలు తెచ్చాను. కప్పు అందుకుంటూ, "వదినా, ఇప్పుడైనా బాత్రూం పొడిగా ఉంచుతున్నావా" అంది. నవ్వుతూనే అంది. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "ఇప్పుడు రోజూ తుడుస్తోందిలే, బుద్ధి వచ్చింది" అన్నారు. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కాఫీ కప్పులోకి చూస్తోంది. సాయంత్రం మా ఆయన చెల్లెల్ని దిగబెట్టడానికి వెళ్లారు. మా అమ్మాయి ట్యూషన్‌కు వెళ్లింది. ఇంట్లో ఇద్దరమే మిగిలాం.

నాకు ఆ రోజు చాలా కోపంగా ఉంది. కప్పులు కడిగి వచ్చి, స్టాండు తెచ్చి మంచం ముందు ఠక్కున పెట్టాను. "అత్తయ్యా, ఈ రోజు మీరు నడవాలి" అన్నాను. ఆవిడ వద్దంది. "ఎముక బాగుంది. కీలు బాగుంది. కండరాల్లో బలం ఉంది, నేను రోజూ పట్టుకుని చూస్తున్నాను కదా. ఎందుకు నడవరు మీరు? నేను మోస్తున్నాను కాబట్టా?" అన్నాను. అలా అనకూడదని తెలుసు. అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి చేతులు స్టాండు మీద వేసింది. నేను నడుము దగ్గర పట్టుకుని లేపాను. నిలబడింది. ఒక అడుగు వేసింది. బాగానే వేసింది.

అప్పుడు నేల మీద నీళ్లు పడిన చప్పుడయింది.

మొదట అది నాదే అనుకున్నాను. పద్నాలుగు పదిహేనేళ్ల అలవాటు. గబుక్కున కాళ్లు దగ్గరికి చేర్చుకుని కిందికి చూసుకున్నాను. నా కాళ్లు పొడిగా ఉన్నాయి. నీళ్లు అత్తయ్య కాళ్ల వెంట కారుతున్నాయి. ఆగకుండా కారుతున్నాయి. ఆవిడ స్టాండు వదిలేసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తూలింది. పడకుండా నేను ఆవిడ బరువంతా నా మీదికి లాక్కున్నాను, ఆ లాగడంలో నాదీ అయిపోయింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఆ తడిలో నిలబడ్డాం. కదిలితే జారతాం. మెల్లిగా, పాదం వెనక పాదం జరుపుకుంటూ మంచం అంచుకు చేరి కూర్చున్నాం.

"చూడకు" అంది ఆవిడ, ముఖం మీద చేతులు తియ్యకుండా.

"చూడటం లేదు."

"నిలబడితే చాలు. ఆగదు. అందుకే నిలబడను."

అనాటమీ టీచర్ని. రోజూ ఈవిడను ఎత్తుతున్నదాన్ని. తుంటి కీలు చూశాను, తొడ కండరాలు చూశాను, పిక్కలు నొక్కి చూశాను. అసలు సంగతి మాత్రం నా తలలోకే రాలేదు. ఆవిడ బట్టల్లో తడి కనబడినా, మంచం పట్టినవాళ్లకు మామూలే అనుకున్నాను. ఎందుకు రాలేదో కూడా తెలుసు. ఇంట్లో ఆ వాసన నాదే అనుకున్నాను. కారులో ఆయన అద్దం దించినప్పుడు, వెనక సీట్లో ఈవిడ కూడా మోకాళ్లు ముడుచుకునే కూర్చుని ఉండేదన్నమాట.

"ఎప్పటి నుంచి అత్తయ్యా?"

"నీ మొగుడు పుట్టినప్పటి నుంచి" అంది. చేతులు దించింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. "మొదట్లో కొంచెమే. తర్వాత బస్సెక్కడం మానేశాను. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. మా అక్క ఇంటికి కూడా వెళ్లడం మానేశాను. డబ్బున్న మొగుడు దొరికాడని నాకు పొగరెక్కిందని అక్క అనుకుంది. అనుకుంటూనే పోయింది."

"నేను అప్పుడు మీకు చెప్పబోతే నోరు మూసుకోమన్నారు."

"మా అత్తగారు నాకు చెప్పిన మాటే నీకు చెప్పాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే." నేల వైపు చూస్తూ అంది, "ఆ రోజు కూడా ఇంతే అమ్మాయ్. బాత్రూం దాకా అందుకోలేకపోయాను. పరిగెత్తబోయాను. నేల పొడిగానే ఉంది. తడి నాదే."

నెలల తరబడి నేను ఆ నడవలో మోకాళ్ల మీద కూర్చుని పొడిగుడ్డతో రుద్దీ రుద్దీ తుడిచాను. డాక్టరు ముందు, ఆడపడుచు ముందు, కన్నకూతురి ముందు తల దించుకున్నాను.

"మరి నన్ను అంటుంటే ఎందుకు ఊరుకున్నారు?" అన్నాను. "ఈ రోజు కూడా అన్నారు కదా. మీ ముందే అన్నారు."

"నిన్నంటే నీకు ఒక మాట పోతుంది. నేను చెప్తే నాకు ఉన్నదంతా పోతుంది అనుకున్నాను" అంది. "తప్పే. తెలుసు. రోజూ నువ్వు నన్ను ఎత్తేటప్పుడు నీ మెడ మీద తల పెట్టుకుని చెప్దామనుకుంటాను. నోరు రాదు."

నాకు ఆవిడ మీద కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆ సిగ్గు ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సిగ్గు తప్పించుకోవడానికి నేను గ్లాసెడు నీళ్లు ఒళ్లో పోసుకున్నాను. ఒక పిల్లను నోరు మూయించి మెట్లు దిగిపోయాను. ఆవిడ నన్ను బలిపెట్టింది. నేను ఆ పిల్ల అక్కను బలిపెట్టాను. తూకం వేస్తే ఎవరిది ఎక్కువో నాకు తెలియదు.

లేచి తువ్వాలు తెచ్చాను. ముందు ఆవిడకు ఇచ్చి, ఇంకొకటి నేను తీసుకున్నాను. ఆవిడ నా బట్టల వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నీకు తగ్గిపోయిందనుకున్నాను" అంది. "ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు కదా నువ్వు."

"మీరు ఎత్తొద్దన్నారు కదా."

ఆవిడ మూతి బిగించింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "మనిద్దరం ఒకే ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరం బట్టలు ఉతుక్కున్నామన్నమాట. నీ బకెట్ అయ్యేదాకా నేను కాచుకుని కూర్చునేదాన్ని. ఈ పిల్ల ఎంతసేపటికీ బయటికి రాదేమిటని తిట్టుకునేదాన్ని" అంది. నాకు నవ్వొచ్చింది. పొట్టలోంచి, నా పాత నవ్వు. ఆపుకోవడానికి ప్రయత్నించాను. తర్వాత ఎందుకు ఆపుకోవాలి అనిపించింది. ఎలాగూ తడిసే ఉన్నాం. ఆవిడ కూడా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను ఆ ఇంటికి వచ్చాక చూడలేదు.

నేల తుడుస్తుంటే ఆవిడ అంది, "వాడికి చెప్పకు."

"మీ సంగతి నేను చెప్పను" అన్నాను. "నాది మాత్రం చెప్పుకుంటాను. దీనికి వ్యాయామాలున్నాయి అత్తయ్యా. నాకు తెలుసు. కొన్నాళ్లు ఒక్కదాన్నే చేశాను. సరైన కండరం బిగిస్తున్నానో లేదో చూసి చెప్పేవాళ్లు లేక వదిలేశాను. చూపించుకోవాలంటే నోరు విప్పాలి కదా."

"ఈ వయసులో నాకేం బిగుస్తాయి."

"ఎంత బిగిస్తే అంత. మీ తొడ కండరాలు ఈ వయసులోనే మళ్లీ బలం పుంజుకోలేదా?"

రాత్రి భోజనాల దగ్గర, ఎల్లుండి సెలవు పెడుతున్నాను, ఆస్పత్రికి వెళ్లాలి అన్నాను. "అమ్మకా?" అన్నారు మా ఆయన. "నాకు" అన్నాను. "ఏమైంది?" అన్నారు, కూర వడ్డించుకుంటూ. చెవులు కాలిపోతున్నాయి. అయినా చెప్పాను. "నాకు ఒంటేలు ఆగడం లేదు. దీన్ని కన్నప్పటి నుంచి. మీరు చూసుకో అంటుంటారే, అది."

ఆయన గరిట పెట్టేశారు. "పిల్ల ముందు ఏమిటా మాటలు? తినే చోట."

మా అమ్మాయి నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. "చూసుకో అంటే ఇదా అమ్మా? నువ్వు గట్టిగా నవ్వితే నాన్నకు ఇష్టం ఉండదేమో అనుకున్నాను" అంది. నాకు కన్నీళ్లు వచ్చినంత పనయింది. ఇన్నేళ్లూ నేను దాచానని అనుకున్నది ఈ పిల్లకు ఇంకోలా అర్థమైంది. ఆడవాళ్లు గట్టిగా నవ్వకూడదు అని నేర్చుకుని కూర్చుంది.

"నేను కూడా వెళ్తాను" అంది అత్తయ్య కుర్చీలోంచి.

"నువ్వెందుకమ్మా? నడవనే నడవవు."

"నడుస్తాను" అంది. తర్వాత కంచంలో వేళ్లు ఆడిస్తూ, "ఇంకొకటి. ఆ నేల సంగతి ఈ ఇంట్లో ఇంకెవరూ ఎత్తకండి. ఆ రోజు నేల పొడిగానే ఉంది" అంది.

"మరి ఎలా పడ్డావు?"

"పడ్డాను. అంతే."

ఆయన నా వైపు చూశారు. క్షమించు అంటారేమో అని ఒక్క క్షణం ఎదురుచూశాను. "మజ్జిగ ఉందా" అన్నారు. నేను లేవలేదు. మా అమ్మాయి కూడా లేవలేదు. కాసేపటికి ఆయనే లేచి వెళ్లి తెచ్చుకున్నారు.

మర్నాడు కాలేజీలో రెండో వరస వైపు చూశాను. ఆ కళ్లజోడు పిల్ల రాలేదు. పక్కనున్న అమ్మాయిని అడిగితే, ఊరెళ్లింది మేడమ్, వాళ్ల అక్క దగ్గరికి అంది. రాగానే నన్ను కలవమని చెప్పాను. కలిస్తే ఏం చెప్పాలో మనసులో ఒకటికి నాలుగుసార్లు అనుకున్నాను. అంత అనుకున్నా, ఆ పిల్ల ఎదురుగా నిలబడితే నా నోరు పెగులుతుందో లేదో నాకే నమ్మకం లేదు.

ఆస్పత్రిలో ఆడవాళ్లకు వ్యాయామ చికిత్స చేసే గది పై అంతస్తులో ఉంది. దాని ముందు హాలు నిండా జనం. మోకాలి నొప్పులవాళ్లు, మెడపట్టీ వేసుకున్నవాళ్లు, వాళ్లతో వచ్చిన మగవాళ్లు. అత్తయ్య స్టాండు పట్టుకుని లిఫ్టు దగ్గర నుంచి నడిచి వచ్చింది. లోపల మందపాటి గుడ్డ కట్టుకుంది. నేనూ కట్టుకున్నాను. ఆవిడను బెంచీ మీద కూర్చోబెట్టి నేను కౌంటర్ దగ్గరికి వెళ్లాను. అద్దం వెనక ఉన్న అమ్మాయికి మైకు ఉంది. ఆ మైకులోంచి ఆమె గొంతు హాలంతా మోగుతోంది.

"పేషెంట్ ఎవరండీ?"

"ఇద్దరం" అన్నాను. "నేనూ, మా అత్తగారూ."

"ఏం ప్రాబ్లం?"

వెనక వరసలో నిలబడినవాళ్ల ఊపిరి నా మెడకు తగులుతోంది. అద్దానికి దగ్గరగా వంగి గొంతు తగ్గించి చెప్పొచ్చు. అలాగే వంగాను కూడా. ఆ అమ్మాయి చెవి మీద చెయ్యి పెట్టుకుని, "వినబడలేదు, గట్టిగా చెప్పండి" అంది. నడుము నిటారుగా చేసుకున్నాను. వెనక బెంచీ దాకా వినబడేలా పాఠం చెప్పే గొంతు ఒకటుంది నాకు. ఆ గొంతుతో చెప్పాను.

"మూత్రం ఆగడం లేదు. ఇద్దరికీ."

హాల్లో మాటలు తగ్గాయి. ఎవరో మగాయన దగ్గాడు. చీటీ తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా నడిచి వచ్చి అత్తయ్య పక్కన కూర్చున్నాను. ఆవిడ తల దించుకుని ఉంది, కానీ నా చెయ్యి వెతికి పట్టుకుంది. నాకు అటువైపు ఒకావిడ కూర్చుని ఉంది, ఒళ్లో సంచీ, నా ఈడే ఉంటుంది. నేను కూర్చోగానే కదిలింది. దూరంగా జరుగుతుందనుకుని నేనే ముడుచుకున్నాను.

ఆవిడ నా వైపే జరిగింది. సంచీ ఇంకో పక్కకు మార్చుకుని, నా చెవి దగ్గరికి వంగి, "మీకు ఎప్పటి నుంచండీ?" అని అడిగింది.